కుట్టిన భుజం మళ్లీ చిరిగితే



భుజం ఆపరేషన్ అయినవారు, వారి ఇంటివారు వార్డులో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఒకసారి కుట్టారు కదా సిస్టరమ్మా, మళ్లీ ఆపరేషన్ అంటారేమిటి? మొదటిసారి సరిగా చేయలేదా?" ఆ ప్రశ్నలో డబ్బు బాధ ఉంది, భయం ఉంది, కొంచెం కోపం కూడా ఉంది. అందుకే ఈ సంచికలో ఈ పాఠం తీసుకున్నాం.

మొదట ఒక విషయం గ్రహించాలి. థియేటర్‌లో డాక్టరుగారు చేసేది కుట్టడం. అతుక్కోవడం అనేది ఆ తరువాత మన శరీరం చేసుకునే పని, దానికి నెలలు పడుతుంది. కుట్టు వేయడానికీ అతుక్కోవడానికీ మధ్య ఉన్న ఈ కాలంలోనే చాలా భుజాలు పాడవుతున్నాయి.

భుజంలో చిరిగేది ఏమిటి?

భుజం బంతిగిన్నె కీలు. తుంటి కూడా అలాంటిదే, కాని తుంటిలో గిన్నె లోతుగా ఉండి బంతి అందులో కుదురుగా కూర్చుంటుంది. భుజంలో గిన్నె సాసరులాగా పలుచగా ఉంటుంది. అందువల్లనే చేయి అన్ని వైపులకూ తిరుగుతుంది, అందువల్లనే బంతి పక్కకు జరిగే గుణం కూడా ఉంది. దాన్ని మధ్యలో నిలిపి ఉంచేవి నాలుగు కండరాలు. అవి రెక్క ఎముక నుంచి బయలుదేరి, చొక్కా కఫ్ మణికట్టును చుట్టినట్టుగా, జబ్బ ఎముక తలను ముందు నుంచి, పై నుంచి, వెనుక నుంచి పట్టుకుంటాయి. రొటేటర్ కఫ్ అనే పేరు అందుకే వచ్చింది. పైన ఉండేది సుప్రాస్పైనేటస్, వెనుక ఇన్‌ఫ్రాస్పైనేటస్, టీరీస్ మైనర్, ముందు సబ్‌స్కాపులారిస్. ఈ పేర్లు బట్టీ పట్టనవసరం లేదు, స్కానింగ్ రిపోర్టులో కనబడితే కంగారు పడకుండా ఉండాలని రాశాను. ఎక్కువగా చిరిగేది మొదట చెప్పిన సుప్రాస్పైనేటస్.

కండరం చివర తాడులాగా గట్టిపడి ఎముకకు అతుక్కునే భాగాన్ని టెండన్ అంటారు. మన ఊళ్లలో దీన్ని కూడా "నరం" అనే అంటాం. నిజానికి నరం వేరు, ఇది వేరు. చిరిగేది ఈ టెండన్, అదీ ఎక్కువగా ఎముకను పట్టుకున్న చోట. కాబట్టి దీనికి ఎముక విరిగినప్పుడు వేసే కట్టు పనిచేయదు. పుత్తూరు వెళ్లి వచ్చినవారు మా దగ్గర ఉన్నారు. విరిగిన ఎముక కదలకుండా ఉంటే దానంతట అది అతుక్కుంటుంది. పూర్తిగా ఊడి వెనక్కు లాగబడిన టెండన్ అలా కాదు, దాన్ని లాగి తెచ్చి ఎముకకు ఆనిస్తే తప్ప అంటుకోదు.

చిరగడానికి రెండు దారులు. బండి మీద నుంచి పడటం, బస్సులో పైరాడ్ పట్టుకుని ఉండగా సడన్ బ్రేకు పడటం వంటి దెబ్బ ఒకటి. రెండోది అరుగుదల. సున్నం, పెయింటింగ్ పనివారు, కరెంటు పనివారు, ఏళ్ల తరబడి బట్టలు బండ మీద బాది ఉతికిన అమ్మలు, బస్తాలు మోసే హమాలీలు, వీరి భుజంలో టెండన్ పాత చీర అంచులాగా నెమ్మదిగా పలచబడుతుంది. ఇలాంటి పనులు లేకపోయినా వయసుతోపాటు అందరిలోనూ కొంత అరుగుదల ఉంటుంది. 1999లో జర్మనీ వైద్యులు భుజం నొప్పి ఏమీ లేని 411 మందికి స్కానింగ్ చేసి చూస్తే 23 శాతం మందిలో చిరుగు కనబడింది. 80 ఏళ్లు దాటినవారిలోనైతే 51 శాతం. వాళ్లంతా తమ పనులు తాము చేసుకుంటున్నవారే! స్కానింగ్ కాగితం మీద "టియర్" అనే మాట కనబడగానే ఆపరేషనే అనుకోవద్దని ఇందుకే చెబుతాం. రిపోర్టు ఒక్కటే కాదు, మనిషిని కూడా చూడాలి.

ఎలా గుర్తుపట్టాలి?

రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోవడం, అటక మీది డబ్బా తీయలేకపోవడం, జడ వేసుకోవడానికో జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికో చేయి అందకపోవడం, పైకెత్తిన చేయి నిలవకుండా జారిపోవడం. షుగర్ ఉన్నవారిలో ఎక్కువగా వచ్చే బిగుసుకుపోయిన భుజంలో కూడా ఇంచుమించు ఇవే లక్షణాలు ఉంటాయి. తేడా ఒకటి చెబుతాను. బిగుసుకున్న భుజాన్ని రోగి ఎత్తలేరు, మనం పట్టుకుని ఎత్తబోయినా లేవదు. టెండన్ చిరిగిన భుజాన్ని రోగి ఎత్తలేరు గాని, మనం పట్టుకుని ఎత్తితే సాధారణంగా లేస్తుంది. ఈ రెండూ కలిసి ఉండేవారూ ఉన్నారు, కనుక ఇంట్లో తీర్పు చెప్పుకోక డాక్టరుగారికి చూపించండి. పడిన తరువాత చేయి ఒక్కసారిగా లేవకుండా పోతే మాత్రం వారాల తరబడి నూనె మర్దన చేయిస్తూ కూర్చోవద్దు. దెబ్బ వల్ల కొత్తగా చిరిగినదాన్ని తొందరగా కుడితే ఫలితం బాగుంటుంది.

కుట్టిన తరువాత లోపల జరిగేది

చిరిగిన టెండన్‌ను ఎముకకు కుట్టడం కొత్త విద్య కాదు. అమెరికాలోని బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ 1909లోనే ఈ ఆపరేషన్ చేశారు. ముందుకు వంగి చేతిని గడియారం లోలకంలాగా వేలాడదీసి ఊపే వ్యాయామం ఫిజియోథెరపీలో నేర్పుతారు కదా, అది కూడా ఆయన పేరు మీదనే ఉంది. ఇప్పుడు చిన్న రంధ్రాలలోంచి, కెమెరా సాయంతో చేస్తున్నారు. ఎముకలో చిన్న మేకులవంటి యాంకర్లు దించి, వాటికున్న దారాలతో టెండన్‌ను ఎముక మీదికి లాగి కడతారు. బయట కనబడేవి మూడు నాలుగు చిన్న మచ్చలే. ఇక్కడే మోసపోతాం. బయటి కుట్లు పది పన్నెండు రోజుల్లో తీసేస్తారు. చర్మం మానింది కదా, లోపల కూడా మానిందనుకుంటాం.

లోపలి సంగతి వేరు. మొదటి ఆరు వారాలు టెండన్‌ను ఎముకకు పట్టి ఉంచేది దారమే. కొత్త కణజాలం మెల్లగా వస్తూ ఉంటుంది గాని దానికి ఇంకా బలం ఉండదు. మూడు నెలలకు తేలికపాటి వ్యాయామానికి తట్టుకునేంత పట్టు వస్తుంది. బరువు పనికి సాధారణంగా ఆరు నెలలు ఆగమంటారు. తిరిగి చిరిగేవాటిలో ఎక్కువ భాగం ఈ ఆరు నెలలలోపే చిరుగుతాయి. అలా చిరిగినప్పుడు దారం తెగడం, యాంకరు ఊడటం కన్న, పలచబడిన టెండన్‌లోంచి దారం కోసుకుంటూ బయటికి రావడమే ఎక్కువ. నాసిరకం గుడ్డకు ఎంత గట్టి దారంతో కుట్టినా, లాగితే గుడ్డే చిరుగుతుంది గదా. ఏ దర్జీని అడిగినా చెబుతాడు.

ఇంకో చిక్కు ఏమిటంటే నొప్పి ముందే తగ్గిపోతుంది. నాలుగో వారానికి, ఐదో వారానికి రాత్రి నిద్ర పడుతుంది. చేయి తేలికైనట్టు ఉంటుంది. అన్నిటికన్న ప్రమాదకరమైన రోజులు ఇవే.

బడిలో మధ్యాహ్న భోజనం వండే ఒక అమ్మ విషయం చెబుతాను. భర్త లేరు, ఆ వంట జీతం మీదే ఇల్లు గడుస్తోంది. ఆపరేషన్ బాగా జరిగింది. ఐదో వారంలో నొప్పి లేదని స్లింగ్ తీసేసి, తన బదులు పెట్టిన మనిషి రాకపోతే ఆ ఒక్కరోజుకే వంటకు వెళ్లారు. అన్నం గిన్నె దించుతుండగా భుజంలో టప్పున ఏదో తెగినట్టయింది. ఆ రోజు పెద్దగా నొప్పి కూడా లేదు, అందుకని ఎవరికీ చెప్పలేదు. రెండు నెలల తరువాత చేయి లేవక మా దగ్గరికి వచ్చారు. ఆమెను ఏమనగలం? అజాగ్రత్త అనడానికి నాకు నోరు రాలేదు. ఆరు నెలల పనిని ఎవరు చూస్తారన్నది ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవలసిన విషయం. అడ్మిషన్ రోజున డబ్బు ఎంతవుతుందని అందరూ అడుగుతారు. నీళ్ల బిందె ఎవరు ఎత్తుతారు, గేదెను ఎవరు కట్టేస్తారు, గ్యాస్ సిలిండర్ ఎవరు మారుస్తారు అని ఎవరూ అడగరు. కుటుంబంలో అందరూ కూర్చుని ఈ లెక్క వేసుకోండి. లెక్క కుదరకపోతే ఆపరేషన్‌ను (పాత అరుగుదల చిరుగైతే) పంట పని అయ్యేదాకా వాయిదా వేయవచ్చా అని డాక్టరుగారిని అడగండి. చాలాసార్లు వేయవచ్చు.

మరొక మాట. ఆపరేషన్ అయినవారిని చూడటానికి వచ్చేవారు, ఆరాధన అయ్యాక పలకరించేవారు, "ఏదీ, చెయ్యి ఎత్తి చూపించు" అంటారు. ప్రేమతోనే అంటారు. దయచేసి అనవద్దు. రోగులు కూడా మొహమాటపడి ఎత్తి చూపించవద్దు.

ఇంట్లో ఆరు వారాలు

స్లింగ్‌ను డాక్టరుగారు చెప్పినన్నాళ్లు, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు, రాత్రి కూడా వేసుకోవాలి. పెద్ద చిరుగైతే ఇంకా కొన్నాళ్లు పట్టవచ్చు. వెల్లకిలా చదునుగా పడుకుంటే భుజం పోటు ఎక్కువవుతుంది, పడక కుర్చీలో గాని, వీపు వెనుక రెండు మూడు దిండ్లు పెట్టుకుని గాని ఏటవాలుగా పడుకోండి. మోచేయి కింద చిన్న దిండు ఉంచండి. స్నానానికి స్లింగ్ తీసినప్పుడు చేయి పక్కన వేలాడనివ్వండి, చంక కడుక్కోవడానికి చేయి ఎత్తకుండా మీరే కొంచెం ముందుకు వంగండి. చంక తడిగా ఉంటే పాచి పుండు పడుతుంది, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. బట్టలు ముందు వైపు గుండీలున్నవి వేసుకోండి. ఆపరేషన్ అయిన చేతిని ముందు తొడగాలి, విప్పేటప్పుడు దాన్ని చివర తీయాలి. జడ వేయడం కూతురికో కోడలికో అప్పగించండి. వేళ్లు, మణికట్టు, మోచేయి రోజుకు నాలుగైదుసార్లు ఆడించాలి, లేకపోతే అవి కూడా బిగుస్తాయి.

మెడ దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇచ్చినవారికి ఆ చేయి మరుసటి రోజు దాకా మొద్దుబారి ఉండవచ్చు. నొప్పి లేదని ఆ రాత్రి మాత్ర మానవద్దు. మత్తు దిగాక నొప్పి ఒక్కసారిగా వస్తుంది.

ఫిజియోథెరపీలో మొదట వేరే చేత్తోనో, ఇంకొకరి సాయంతోనో చేయి కదిలిస్తారు. ఆరు వారాలు దాటాక సొంత బలంతో, మూడు నెలల తరువాత రబ్బరు పట్టీతో, కొద్దిపాటి బరువులతో. పక్క మంచం ఆయన ముందుకు వెళ్లాడని మీరూ వెళ్లవద్దు. ఆయన చిరుగు సైజు వేరు, మీది వేరు. మాలీసు చేసేవారి చేత భుజం లాగించడం ఈ నెలల్లో అసలు వద్దు.

మళ్లీ చిరగడానికి ఇతర కారణాలు

అన్నీ రోగి పొరపాట్లే అనుకోకండి. చెప్పినట్టు నడుచుకున్నవారికి కూడా కొందరికి అతుక్కోదు. 65 దాటిన వయసు, పెద్ద చిరుగు, బాగా ఆలస్యమైన చిరుగు ఇందుకు కారణాలు. టెండన్ తెగి ఏళ్లు గడిస్తే పని లేని కండరం కరిగి, దాని స్థానంలో కొవ్వు చేరుతుంది. గూటాలియే అనే ఫ్రెంచి వైద్యుడు 1994లో ఈ కొవ్వును సున్న నుంచి నాలుగు వరకు గ్రేడులుగా విభజించారు, రిపోర్టులలో ఆ పేరు కనబడుతుంది. కొవ్వు ఎక్కువగా చేరిన కండరం, కుట్టిన తరువాత కూడా పూర్వపు కండరంగా మారదు. పొగాకు, అదుపులో లేని షుగర్ రక్తప్రసరణను, మానుదలను దెబ్బతీస్తాయి. బీడీ సిగరెట్ మానకుండా ఈ ఆపరేషన్ చేయించుకోవడం నా దృష్టిలో డబ్బు దండగ. కటువుగా ఉన్నా అదే చెబుతాను. నొప్పి ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు వేయించుకున్నవారు ఆ సంగతి దాచవద్దు. ఆపరేషన్‌కు ముందు నెలలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడి ఉంటే ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ.

ఇన్‌ఫెక్షన్ అంటే జ్వరం, చీము అనే అనుకుంటాం. భుజంలో ఇంకో రకం ఉంది. క్యుటిబ్యాక్టీరియం యాక్నెస్ అనే క్రిమి మన చర్మంలోనే ఉంటుంది, భుజం ప్రాంతంలో మరీ ఎక్కువ. అది లోపలికి చేరితే జ్వరం లేకుండానే నెలల తరబడి నొప్పి, బిగుసుదనం కలిగించవచ్చు. చాలా నెమ్మదిగా పెరిగే క్రిమి కనుక కల్చర్‌ను 10 నుంచి 14 రోజులు ఉంచి చూడాలి. రెండో ఆపరేషన్‌కు ముందు "ఇన్ని పరీక్షలు ఎందుకు?" అనేవారు ఇది గమనించాలి.

మళ్లీ చిరిగితే మళ్లీ ఆపరేషనేనా?

కాదు. ఈ పాఠంలో అందరూ గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే. బ్రిటన్‌లో 50 ఏళ్లు దాటినవారి మీద జరిపి 2017లో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో, ఆపరేషన్ తరువాత స్కానింగ్ చేసి చూస్తే దాదాపు 40 శాతం మందిలో కుట్టు నిలవలేదు. కోసి చేసినా కెమెరాతో చేసినా ఫలితంలో పెద్ద తేడా లేదు. అయినా అతుక్కోనివారిలో కూడా నొప్పి, పని చేసుకునే శక్తి ఆపరేషన్‌కు ముందుకన్న మెరుగుపడ్డాయి. అతుక్కున్నవారికి ఇంకా బాగుంది. అంతకు ముందు 2004లో అమెరికాలో బాగా పెద్ద చిరుగులు కుట్టిన 18 మందిని ఏడాది తరువాత చూస్తే 17 మందిలో మళ్లీ చిరిగి ఉంది. అయినా వారిలో ఎక్కువ మందికి నొప్పి తగ్గింది.

కాబట్టి స్కానింగ్‌లో కుట్టు ఊడినట్టు ఉన్నా, రాత్రి నిద్ర పడుతూ, అన్నం కలుపుకుని తింటూ, తల దువ్వుకోగలిగితే, వ్యాయామంతోనే కొనసాగవచ్చు. మిగిలిన కండరాలకు, ముఖ్యంగా భుజం పైనున్న పెద్ద కండరం డెల్టాయిడ్‌కు బలం ఇస్తే చాలామంది బాగానే నెట్టుకొస్తారు. రెండో ఆపరేషన్ ఆలోచన వచ్చేది నొప్పి నెలల తరబడి తగ్గనప్పుడు, చేయి లేవనప్పుడు, వయసు తక్కువై చేతి పని మీద బతకవలసినవారికి, లేదా కొత్తగా దెబ్బ తగిలి ఉన్న కుట్టు ఊడినప్పుడు. టప్పుమన్న శబ్దం, ఆ తరువాత ఒక్కసారిగా వచ్చిన బలహీనత ఉంటే ఆ వారంలోనే రండి. గాయం నుంచి రసి కారడం, ఎర్రబడటం, జ్వరం ఉంటే ఆ రోజే రండి.

రెండోసారి ఆపరేషన్ మొదటిదానికన్న కష్టం. లోపల మచ్చకట్టిన కణజాలం ఉంటుంది, టెండన్ పొట్టిదై ఉంటుంది, పాత యాంకర్లు చోటు ఆక్రమించి ఉంటాయి. నొప్పి తగ్గుతుందని కొంతవరకు ఆశించవచ్చు గాని, బలం మునుపటిలాగా వస్తుందని మాట ఇవ్వలేరు. మళ్లీ ఊడే అవకాశం కూడా మొదటిసారికన్న ఎక్కువే. టెండన్ నాణ్యంగా, కండరంలో కొవ్వు తక్కువగా ఉంటే తిరిగి కుడతారు. పూర్తిగా అందకపోతే అందినంతవరకు కుడతారు. కొందరికి వీపు కండరం టెండన్‌ను తెచ్చి భుజానికి కలుపుతారు. వయసు మళ్లి, కుట్టడానికి ఏమీ మిగలని భుజానికి కీలు మార్పిడి ఉంది, దానిలో బంతిని గిన్నె స్థానంలోను, గిన్నెను బంతి స్థానంలోను అమరుస్తారు. వినడానికి వింతగా ఉన్నా ఇందులో కిటుకు ఉంది. అలా తారుమారు చేస్తే చిరిగిపోయిన కఫ్ అవసరం లేకుండా డెల్టాయిడ్ కండరమే చేతిని లేపగలుగుతుంది. ఫ్రాన్స్‌లోని డిజాన్ నగరంలో పాల్ గ్రామాంట్ అనే సర్జన్ 1985లో దీన్ని రూపొందించారు. మన దేశంలోనూ చేస్తున్నారు. ఖర్చు ఎక్కువ, బరువులు మోసే పనికి తిరిగి వెళ్లడానికి వీలుకాదు. చిన్న వయసువారికి సాధారణంగా చేయరు.

డాక్టరుగారి దగ్గరికి వచ్చేటప్పుడు

మొదటి ఆపరేషన్ వేరేచోట జరిగి ఉంటే డిశ్చార్జ్ కాగితం, ఆపరేషన్ నోట్సు, పాత, కొత్త స్కానింగ్ ఫిల్ములు, సీడీలు అన్నీ తీసుకురండి. యాంకర్లు లోహానివా, కరిగేవా అన్నది ఆ నోట్సులో ఉంటుంది. లోహానివైతే ఎం.ఆర్.ఐ. చిత్రం ఆ చోట మసకబారుతుంది, అప్పుడు అల్ట్రాసౌండ్ గాని వేరే పరీక్ష గాని ఎంచుకుంటారు. షుగర్ ఉన్నవారు మూడు నెలల సగటు చూపే రక్తపరీక్ష చేయించుకుని రండి. వాడుతున్న మాత్రలు, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు, చీటీలో రాసుకుని రండి.

అడగవలసినవి కూడా మొహమాటం లేకుండా అడగండి. నా టెండన్ కుట్టడానికి పనికొచ్చే స్థితిలో ఉందా? కండరంలో కొవ్వు ఎంత చేరింది? మొదటిది ఎందుకు నిలవలేదనుకుంటున్నారు, ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చారా? ఆపరేషన్ లేకుండా మూడు నెలలు వ్యాయామం చేసి చూస్తే నష్టం ఏమైనా ఉందా? చేయించుకుంటే నేను నా పనికి తిరిగి వెళ్లగలనా, ఎన్ని నెలలకు? కబురు వినేటప్పుడు కంగారులో సగం మాటలు చెవిన పడవు, కనుక ఒంటరిగా రాక కొడుకునో కూతురినో వెంట తెచ్చుకోండి. ఆరు నెలలు ఇంటి పని పంచుకోవలసింది వారే కాబట్టి జవాబులు వారు కూడా వినాలి.